మారిషస్, ఫిజీ, నా ఎంఏ ప్రాజెక్టు: ఖాళీ గడుల గొడవ

నిన్న నా ఎంఏ జాగ్రఫీ ప్రాజెక్టు వైవా అయిపోయింది. దూరవిద్యలో చదివేవాళ్ళకి పరీక్షలకన్నా ఈ ప్రాజెక్టే పెద్ద గండం, అందుకే కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను. టాపిక్: మారిషస్, ఫిజీ దేశాల నైసర్గిక స్వరూపం, వాతావరణం, జనాభా పోలిక. ఎక్కడో ఉన్న ఆ రెండు దీవులే ఎందుకని అందరూ అడిగారు. మాది కాకినాడ. కోరంగి మాకు పక్కనే. ఆ రేవు నుంచే 1830లు, 40లలో మనవాళ్ళు మారిషస్ చెరుకు తోటలకి కూలీలుగా ఓడెక్కారు. ఫిజీకి మనవాళ్ళు వెళ్ళింది చాలా ఆలస్యంగా, 1903 తర్వాత మద్రాసు మీదుగా, అందులో విశాఖ వైపు వాళ్ళు బాగానే ఉన్నారు. రెండు చోట్లా చెరుకే, రెండు చోట్లా ఇంగ్లీషువాళ్ళ ఒప్పందాలే. పోలికకి ఇంతకన్నా ఏం కావాలి?

సినాప్సిస్ ఆమోదం, ఫీజు చలానా, గైడు సంతకం, ఇవన్నీ మామూలుగానే జరిగాయి. మా గైడు రిటైరైన లెక్చరరు, బంగారం లాంటి మనిషి.

నైసర్గిక స్వరూపం చాప్టరు రాస్తుంటే నాకే హుషారొచ్చింది. మారిషస్ దేశం రోడ్రిగ్స్ లాంటి చిన్న దీవులన్నీ కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు. ఫిజీ 18 వేల పైచిలుకు, మూడు వందలకు పైగా దీవులు, అందులో మనుషులుండేవి నూటపది దాకా. వీటిలో పెద్దదైన విటి లెవు ఒక్కటే మన పాత తూర్పు గోదావరి జిల్లా అంత ఉంటుంది. 2011 లెక్కల్లో మన జిల్లా జనాభా యాభై ఒక్క లక్షలు దాటితే, ఫిజీ దేశం మొత్తం కలిపినా తొమ్మిది లక్షలు లేరు. మారిషస్‌లో ఎత్తయిన శిఖరం 828 మీటర్లు, ఫిజీలో తోమనివి 1,324. మారిషస్ పుట్టుక మాత్రం నన్ను కదలనివ్వలేదు. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను లావా పొరల్ని కక్కిన భూగర్భపు వేడిచోటే, మన దేశాన్ని మోసే భూమి పైపొర పలక ఉత్తరానికి జరిగిపోయాక, సుమారు ఎనభై లక్షల ఏళ్ళ కిందట మారిషస్‌ని పైకి లేపింది. ఇప్పుడు అది రీయూనియన్ కింద ఉంది. అంటే ఆదిలాబాద్ నల్లరేగడికి, రాజమండ్రి పక్కన కాతేరు బసాల్టు రాయికి మారిషస్ చుట్టమే. ఫిజీ సంగతి వేరు, అది పసిఫిక్, ఆస్ట్రేలియా పలకలు ఒరుసుకునే చోట లేచిన నేల.

మ్యాపు దగ్గర ఒక పూట పోయింది. కంప్యూటర్లో ప్రపంచ పటం తెరిస్తే ఫిజీ రెండు ముక్కలై, ఒకటి ఎడమ అంచున, ఇంకొకటి కుడి అంచున కూర్చుంటుంది. 180 డిగ్రీల రేఖాంశం టవెయునీ దీవి మీదుగా పోతుంది కదా, అందుకని. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్ వాడేవాళ్ళు 'ఫిజీ 1986' గ్రిడ్‌లోకి మార్చుకోండి, ముక్కలు అతుక్కుంటాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

వాతావరణం చాప్టర్లో మొదటి తలనొప్పి గ్రాఫు. రెండు దేశాలూ భూమధ్యరేఖకి దక్షిణాన, ఒకటి 20 డిగ్రీల దగ్గర, ఇంకొకటి 18 దగ్గర. వానాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మనకి అలవాటైనట్టు జనవరి నుంచి డిసెంబరుకి గ్రాఫు గీస్తే వానాకాలం రెండుగా తెగి చెరో చివరకి పోతుంది, చూసేవాడికి ఏదీ అర్థం కాదు. నేను జులై నుంచి జూన్‌కి గీశాను. వాన తేడాలు కళ్ళకి కట్టినట్టు వచ్చాయి. రెండు చోట్లా ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలే వాన తెస్తాయి, కొండకి అటువైపు తడి, ఇటువైపు పొడి. మారిషస్ మధ్య పీఠభూమి మీద నాలుగు వేల మిల్లీమీటర్ల దాకా పడితే పడమటి తీరంలో తొమ్మిది వందలు కూడా కష్టం. ఫిజీలో రాజధాని సువాకి మూడు వేలు, అదే దీవిలో అటుపక్కనున్న నాడికి రెండు వేల లోపు. ఫిజీ చెరుకంతా ఆ పొడి వైపే ఎందుకుందో ఇప్పుడు అడక్కుండానే తెలుస్తుంది. తుఫాన్లు సరేసరి. మారిషస్‌ని 1960లో కేరొల్ చితక్కొట్టాకే అక్కడ రేకుల ఇళ్ళు పోయి కాంక్రీటు ఇళ్ళు లేచాయి. ఫిజీలో 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్‌కి 44 మంది పోయారు. 1839లో తుఫానుకి తుడిచిపెట్టుకుపోయిన కోరంగి పక్కన పెరిగినదాన్ని, ఈ భాగం రాయడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

ఇక జనాభా. ఇక్కడే నా ప్రాణం తీశారు.

మొత్తం లెక్కలు తేలిక. మారిషస్ 2022 జనగణనలో పన్నెండు లక్షల ముప్ఫై అయిదు వేల చిల్లర, 2011 కంటే కాస్త తగ్గింది కూడా. ఫిజీ 2017లో 8,84,887. సాంద్రత మారిషస్‌లో చదరపు కిలోమీటరుకి ఆరు వందల పైన, ఫిజీలో యాభై లోపు. కానీ స్టడీ సెంటర్ వాళ్ళిచ్చిన ఫార్మాట్‌లో 'జాతుల వారీగా జనాభా, తాజా సెన్సస్' అని ఒక పట్టిక ఉంది, రెండు దేశాలకీ పక్కపక్కన నింపాలి. అది నిండదు. మారిషస్ సెన్సస్‌లో నువ్వు ఏ వర్గం అని అడిగింది ఆఖరుసారి 1972లో. ఆ తర్వాత ఆ ప్రశ్నే తీసేశారు. మతం అడుగుతారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడుగుతారు, అది వేరే లెక్క. ఫిజీలో 2007 లెక్కలున్నాయి: ఐతౌకేలు, అంటే అక్కడి మూలవాసులు, 56.8 శాతం, భారత సంతతివాళ్ళు 37.5 శాతం. 2017 ఫలితాల్లో జాతుల వారీ అంకెలు బయటపెట్టలేదు. అది అక్కడ ఎంత నిప్పులాంటి విషయమంటే, పేదరికం లెక్కల్ని జాతుల వారీగా విడగొట్టి చూపించిన గొడవలో 2021లో గణాంక సంస్థ అధిపతి ఉద్యోగమే పోయింది.

నేను ఆ గడుల్లో మారిషస్‌కి 'సేకరించలేదు' అని, ఫిజీకి 'ప్రచురించలేదు' అని రాసి, కింద అరపేజీ వివరణ ఇచ్చాను. గైడు గారు చదివి, "బాగుందమ్మా, ఇదే అసలు ఫైండింగు" అని సంతకం పెట్టేశారు. స్టడీ సెంటర్ కోఆర్డినేటరు గారి టేబుల్ మీదకి వెళ్ళాక మొదలైంది.

"ఏంటమ్మా ఇది, గడులు ఖాళీగా వదిలేశారు?"

"ఖాళీ కాదు సార్, ఆ లెక్కలు లేవండీ. కింద రాశాను."

"సెన్సస్‌లో లేకపోవడమేంటమ్మా? నెట్‌లో కొడితే పర్సెంటేజీలు బోలెడు వస్తాయి, చూసి వేసెయ్యండి. మనవాళ్ళ కోసమేగా చేశారు ఈ టాపిక్కు, తెలుగువాళ్ళ శాతం కూడా వెయ్యండి."

నెట్‌లో వస్తాయి, నిజమే. మారిషస్‌లో భారత సంతతి ఇంత శాతం అని గుండ్రటి అంకె ఎక్కడ చూసినా ఉంటుంది. దాని వెనక ఉన్నది అంచనాలూ, ఆ పాత లెక్కలే అని ఎవరూ రాయరు. అక్కడి రాజ్యాంగంలో ఉన్న నాలుగు వర్గాల్లో తెలుగువాళ్ళకి విడిగా గడే లేదు, హిందువుల్లో కలిపేస్తారు. ఇదంతా చెప్పబోతే ఆయన వినలేదు. ఫైలు నా ముందుకి తోసి, అక్కడ వరుసలో నిలబడ్డ పిల్లలందరికీ వినపడేలా, "ఇల్లు చక్కబెట్టుకుంటూ చదివేవాళ్ళతో ఇదేనండీ వచ్చిన చిక్కు, సగం చేసి తెస్తారు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. పదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని, నా స్టూడెంట్లంత వయసున్న పిల్లల ముందు ఆ మాట పడ్డాను. బస్సెక్కేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆయన సీట్లో ఉండడు, టీకి వెళ్ళాడు అంటారు. ఆ సెంటర్లో టీకి వెళ్ళాడంటే ఆ పూటకి ఇంక రాడని అర్థం. గ్రాఫు జనవరి నుంచి ఎందుకు లేదని ఇంకో కొర్రీ కూడా పెట్టాడు, ఫైలు మీద ఎర్ర ఇంకుతో.

గైడు గారు ఒక దారి చెప్పారు. పట్టిక తీసెయ్యొద్దు, దొంగ అంకెలూ వెయ్యొద్దు, ఉన్న ఆఖరి లెక్కలే సంవత్సరంతో సహా వెయ్యమన్నారు: మారిషస్ 1972, ఫిజీ 2007. ఏళ్ళు కలవట్లేదని మళ్ళీ గొణుగుతాడని తెలుసు, గొణిగాడు కూడా. గైడు గారు రాసిచ్చిన ఉత్తరం చూపించాక ముద్ర వేశాడు, నా మొహం చూడకుండా.

వైవాకి వేరే యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చారు. ఫైలు తిరగేసి తిన్నగా ఆ పేజీ దగ్గరే ఆగారు. "ఇవి ఎందుకు దొరకవు?" అన్నారు. అంతే, నాకు నోరు తెరుచుకుంది. మారిషస్‌లో మూలవాసులంటూ లేరు, అందరూ సముద్రం దాటి వచ్చినవాళ్ళే, అందుకని వర్గాల లెక్క ఆపేసినా దేశం నడుస్తోంది. అయినా పార్లమెంటులో ఎన్నికైన 62 మంది పైన వర్గాల సమతూకం కోసం ఎనిమిది సీట్ల దాకా కలుపుతారు, ఆ పంపకానికి ఇప్పటికీ ఆ 1972 జనాభా లెక్కే ఆధారం. ఫిజీలో మూలవాసులున్నారు, నేలలో అత్యధిక భాగం వాళ్ళ ఉమ్మడి ఆస్తి. 1966 సెన్సస్ నాటికి భారత సంతతివాళ్ళు సగం దాటారు. 1987లో రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగాక ఆస్ట్రేలియాకి, న్యూజీలాండ్‌కి, కెనడాకి వలస కట్టారు. ఇలా చెప్పుకుంటూ పోయాను. మేడం మధ్యలో ఆపింది ఒక్కసారే, మారిషస్ జనాభా ఎందుకు తగ్గుతోందని. 1960ల మొదట్లో ఒక్కో తల్లికి ఆరుగురి దాకా పుట్టేవారు, ఇప్పుడు ఒకటిన్నర కూడా లేదని చెప్పాను. జులై గ్రాఫు చూసి, "ఇలాగే గీయాలి" అన్నారు. కోఆర్డినేటరు గారు అక్కడే కూర్చుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

మీలో ఎవరైనా ఇలాంటి పోలిక తీసుకుంటే దీవులే తీసుకోండి, హద్దుల తగాదా తక్కువ. మూడు కాపీల మీదా గైడు సంతకం ఒకేసారి పెట్టించుకోండి. జిరాక్సు షాపుల్లో అమ్మే రెడీమేడ్ ప్రాజెక్టుల జోలికి పోకండి, వైవాకి బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్స్‌కి అవి కంఠతా వచ్చు. గడి నింపమని ఎవరు ఒత్తిడి చేసినా ఏ సంవత్సరం లెక్కో రాయకుండా అంకె వెయ్యొద్దు.

బయటికి వస్తుంటే కోఆర్డినేటరు గారు వెనకనుంచి పిలిచి, "మేడం, మీ ప్రాజెక్టు సాఫ్ట్ కాపీ ఒకటి పంపండి, వచ్చే బ్యాచ్ పిల్లలకి మోడల్‌గా చూపిస్తాను" అన్నాడు. మొన్నటిదాకా అమ్మా, నిన్న మేడం. మెయిల్ చేస్తానండీ అన్నాను. చెయ్యలేదు, చెయ్యను కూడా.