మా చెరువులో డీఏపీ ఎక్కువైన ఏడాది

"నీళ్ళు భలే పచ్చబడ్డాయిరా, ఇంక తవుడు ఖర్చు తగ్గినట్టే" అని నాన్న సంబరపడిన రోజు బాగా గుర్తు. అది మార్చి నెల. కైకలూరు దగ్గర మాది అయిదెకరాల చేపల చెరువు. శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. నీళ్ళు పచ్చగా ఉంటే ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచూ జీవాలూ, ఉన్నట్టు, ప్లాంక్టన్ ఉంటే చేపకు తిండి ఉన్నట్టు. మా లెక్క అంతే. కోళ్ల ఎరువు వేశాం, దాని మీద నత్రజని, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు చల్లాం, రంగు తగ్గిందనిపించినప్పుడల్లా ఇంకో బస్తా.

పది రోజులు తిరక్కుండానే ఆ పచ్చ తేడాగా కనిపించింది. మధ్యాహ్నానికి గాలి తోసిన గట్టు పక్కన పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టేది. తెల్లవారుజామున నాలుగింటికల్లా చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలేవి. విచిత్రం ఏంటంటే, ఇంత పచ్చ ఉన్నా వల వేసి చూస్తే బొచ్చెలు పలచగా ఉన్నాయి. తిండి మధ్యలో పస్తులున్నట్టు.

పక్క చెరువు బాబాయ్ "మైలుతుత్తం కొట్టు, రెండ్రోజుల్లో తేటపడుద్ది" అన్నాడు. అది నాచుని చంపే మందు. కొట్టాను. నిజంగానే తేటపడింది. మూడో రోజు తెల్లారేసరికి గట్టు పొడవునా తెల్లని పొట్టలు. చచ్చిన నాచు కుళ్ళాలన్నా ఆక్సిజనే కావాలని నాకప్పుడు తెలిసింది. ఆ తప్పు నాదే, బాబాయ్‌ని అని లాభం లేదు.

ఒక మూలన ఇంకా పచ్చగా మిగిలిన నీళ్ళు ఒక సీసా పట్టుకుని ల్యాబ్‌కి పోయాను. అక్కడి సార్ మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. పూసలదండలు! మధ్యమధ్యలో కాస్త పెద్దగా, పాలిపోయిన పూస ఒకటి. "ఇది అనబీనా. ఆ పెద్ద పూస గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది. మీ నీళ్ళలో నత్రజని తక్కువై భాస్వరం మిగిలిపోయింది. మామూలు ఆకుపచ్చ నాచు ఆగిపోయింది, ఇది మాత్రం దర్జాగా పెరిగింది" అన్నారు.

తర్వాత నాచేత బస్తా లెక్క కట్టించారు. 50 కిలోల డీఏపీలో నత్రజని 9 కిలోలు. 46 శాతం అని రాసి ఉండేది భాస్వరం కాదు, దాని ఆక్సైడు. అసలు భాస్వరం 10 కిలోలు. అంటే దాదాపు ఒకటికి ఒకటి. సముద్రపు ప్లాంక్టన్‌లో భాస్వరం ఒక అణువుకు నత్రజని సుమారు 16 అణువులు ఉంటాయని రెడ్‌ఫీల్డ్ అనే అమెరికా శాస్త్రవేత్త గమనించాడట. బరువులో చెబితే ఒకటికి ఏడు. మట్టి కొంత భాస్వరాన్ని పట్టేస్తుంది నిజమే, అయినా మేం పోసిన లెక్క ఎక్కడ, అది ఎక్కడ!

కెనడాలో 1973లో ఒక సరస్సుకి మధ్యలో తెర కట్టి, ఒక సగంలో కార్బన్, నత్రజని, రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారని చెప్పి పైనుంచి తీసిన ఫోటో చూపించారు. భాస్వరం పడ్డ సగమే పచ్చ. మా చెరువు ఫోటో చూసినట్టే అనిపించింది.

నాకు బాగా తగిలిన మాట మాత్రం వేరే. బొచ్చె తినేది ఎక్కువగా డాఫ్నియా, రోటిఫర్ లాంటి కంటికి ఆనీ ఆనని జీవాల్ని. అవి చిన్న ఆకుపచ్చ నాచుని మింగుతాయి గానీ ఈ పూసలదండలు వాటి నోటికి పట్టవు. కింద తిండి మారితే పైన చేప దాకా మారిపోయింది. భాస్వరం శత్రువని కాదు, అది లేకపోతే డాఫ్నియా కూడా ఎదగదు.

"అయితే యూరియా చల్లి సరిచేసేద్దామా సార్?" అన్నాను. గట్టిగా వద్దన్నారు. మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతోంది, ఆ నీళ్ళలో యూరియా నుంచి వచ్చే అమ్మోనియా విషంగా మారుతుందట. కాబట్టి ఎరువు మొత్తం బంద్, తవుడు సంచులు సగానికి సగం, రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు, విడతలుగా నీళ్ళు మార్చడం. కరెంటు బిల్లు చూసి నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. మేం వదిలిన ఆ నీళ్ళు డ్రెయిన్ పట్టుకుని కొల్లేటి వైపే పోతాయి, అక్కడి గుర్రపుడెక్క మా డీఏపీ తినే బలుస్తుందని తెలిసీ వదిలాను.

రంగు లేత గోధుమ పచ్చకి తిరగడానికి నెల పైనే పట్టింది. అయినా చేపల పట్టుబడి రోజున వ్యాపారి "మట్టి వాసనండీ" అని రేటు కోశాడు. ఆ నాచు వదిలే జియోస్మిన్ అనే వాసన పదార్థం చేప కండలోకి ఎక్కిందట.

చెరువు ఎండగట్టి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఆగి, పైన నల్లమట్టి తీయించాం. కిందటేడు వేసిన భాస్వరం దాంట్లోనే దాక్కుంటుంది మరి. ఈసారి డీఏపీ ఒక్క బస్తా కూడా నీళ్ళు పరీక్ష చేయించకుండా వేయలేదు. తెలుపు నలుపు పళ్ళెం నీళ్ళలోకి దించి, అది కనుమరుగయ్యే లోతు 30, 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఏమీ చేయం. నాన్న ఇప్పటికీ చెయ్యి మోచేతి దాకా ముంచి చూసుకుంటాడు. ఆయన కొలతా ఇంచుమించు అంతే వస్తుంది.

ఈ ఏడు పట్టుబడికి ముందు అదే వ్యాపారి వచ్చి ఒక బొచ్చె కోయించి మా ఇంట్లోనే వండించుకున్నాడు. ఏమీ అనలేదు. ఇంకో ముక్క వేయించుకున్నాడు.