సూపర్‌విజన్ అడిగాను, ఇన్వార్డ్ నంబరు ఇచ్చారు

నిన్న రెండో శనివారం. కాకినాడ వెళ్లి, నా కేసుల గురించి పాత మేడమ్‌తో నెలకొకసారి కూర్చునే సూపర్‌విజన్‌లో ఆరో సెషన్ ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. ఇది బస్సులోనే రాయడం మొదలెట్టాను. ఈ ఎనిమిది నెలల్లో పడ్డ మాటలు ఇంకా చెవిలో మోగుతుండగానే రాసేయాలి. ఆలస్యమైతే నేనూ మర్యాదగా రాసేస్తాను.

బాలల సంరక్షణలో కాంట్రాక్టు సోషల్ వర్కర్‌ని. రెండు గోదావరి జిల్లాలూ 2022లో ముక్కలయ్యాయి కదా, ఆ ముక్కల్లో ఒకదాంట్లో పని. ఏదన్నది చెప్పను, నా రెన్యూవల్ వాళ్ల చేతుల్లో ఉంది. పిల్ల ఆనవాళ్లు కూడా మార్చే రాస్తున్నాను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోయినా ఆ పిల్లకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫోన్ చేశారు. ఒక లంక గ్రామంలో పదో తరగతి పిల్లకి పెళ్లి కుదిర్చారని. తల్లి కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మా వైపు ఇలాంటి ఇళ్లు వీధికి రెండుంటాయి. ఆ వేళ వేరే పని తెమిలేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సు దిగి, గట్టు మీద నడిచి, పడవ దాటి వెళ్లేసరికి నాలుగున్నర.

మామ్మగారు అరుగు మీద చాప వేసి, బొండం కొట్టించి ఇచ్చారు. "ఆయ్, పెళ్లేంటండీ, మా పిల్ల చదువుకుంటుందండీ, గిట్టనోళ్లు పుట్టిస్తారండీ" అన్నారు. పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏమ్మా, పెళ్లి గానీ చేస్తున్నారా?" అని అక్కణ్ణుంచే అడిగాను. మామ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను లేచి వచ్చేశాను.

సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో ఇవ్వాలి. నాలుగో రోజే ఇచ్చేశాను. అందులో ఒక వాక్యం రాశాను: "బాలికతో విడిగా మాట్లాడడమైనది." మన ఆఫీసు తెలుగులో ఆ "డమైనది" వెనక ఎంత అబద్ధమైనా దాక్కుంటుంది.

తర్వాత మూడో వారంలో ఆ ఇంటి ముందే పందిరి వేశారు. రాత్రికి రాత్రి సచివాలయం మహిళా పోలీసు, స్టేషన్ వాళ్లు వెళ్లి ఆపారు. మర్నాడే పిల్లని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచారు. పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, బాగానే ఉంది. అది ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లకి గుండె పట్టేయకుండా.

ఇక ఆ నెల సమీక్ష. ఈ ముక్క పెద్దదవుతుంది, ఏమనుకోకండి.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మా వాళ్లే కాదు, వేరే శాఖల వాళ్లు కూడా. మామూలుగా మా సమీక్షంటే అంకెలే: ఎన్ని కేసులొచ్చాయి, ఎన్ని ముగిశాయి, ఎన్ని పోర్టల్‌లో ఎక్కాయి. ఆ రోజు ప్రొజెక్టర్ మీద నా రిపోర్టు వేశారు. ఆ వాక్యం మీద పసుపు రంగు పూశారు.

"ఇది ఎవరు రాశారు?" అన్నారు సమీక్ష నడిపే సార్. నేనే అని తెలిసే అడిగారు. లేచి నిలబడ్డాను.

"చదవండి."

చదివాను.

"వినబడలేదు. వెనక వాళ్లకి కూడా వినబడేలా చదవండి."

మళ్లీ చదివాను. "విడిగా అంటే ఏంటమ్మా? ఎమ్మెస్‌డబ్ల్యూ ఎక్కడ చేశారు?" అన్నారు. ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఆంధ్రా యూనివర్సిటీ అన్నాను. "విడిగా అనే మాటకి అర్థం అక్కడ చెప్పలేదా, మీరు ఆ రోజు క్లాసుకెళ్లలేదా?" ముందు వరసలో ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే మిగతావాళ్లకి లైసెన్సు దొరికినట్టే కదా. అప్పుడే టీ అబ్బాయి ట్రే పట్టుకుని వచ్చాడు. నిలబడ్డవాళ్లకి ఇవ్వాలో వద్దో తెలీక నా దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కావిడకి ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ ఒక్క క్షణమే ఇప్పటికీ కలలోకొస్తుంది, సార్ మాటలు కాదు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇక్కడ ఏడవడానికి జీతం ఇవ్వట్లేదు" అన్నారు. తర్వాతి అంశం ఆధార్ వివరాలు. దానికి వెళ్లిపోయారు. కూర్చోమని ఎవరూ అనలేదు. నాకు నేనే ఎప్పుడు కూర్చున్నానో గుర్తులేదు.

దీనిలో దిక్కుమాలిన సంగతేమిటంటే, ఆయన పట్టుకున్న తప్పు నిజమైన తప్పే. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. తప్పు చేయనివాడికి అవమానం జరిగితే నలుగురు జాలిపడతారు, నాకు ఆ వీలు కూడా లేదు. కానీ అంతసేపూ నన్ను నిలబెట్టిన ఆ హాల్లో ఒక్కరంటే ఒక్కరు "ఎందుకు అలా చేశావు?" అని అడగలేదు. మీ మీటింగుల్లో ఎవరైనా అడుగుతారా? అడిగితే మీరు అదృష్టవంతులు, ఊరు పేరు చెప్పండి, బదిలీ లేని ఉద్యోగమైనా వచ్చేస్తాను.

మెమో వచ్చింది, జవాబిచ్చాను, ఫైలులో పెట్టారు. సీనియర్ అక్క ఒకావిడ ప్రేమగానే సలహా ఇచ్చింది: "ఇకనుంచి పిల్ల పక్కన నిలబడి ఒక ఫొటో తీసుకో, లొకేషన్ పడేలా. నువ్వు సేఫ్." ఆ సలహా విన్నాకే నాకు భయం వేసింది. మేమందరం నేర్చుకున్నది మమ్మల్ని మేం కాపాడుకోవడమే.

ఆఫీసుకి ఉత్తరం రాశాను. నెలకొకసారి, అంకెల మీటింగు కాకుండా, కేసుల గురించి అనుభవమున్న సోషల్ వర్కర్‌తో కూర్చుని మాట్లాడే ఏర్పాటు కావాలని. "సూపర్‌విజన్ కాకపోతే మేమిక్కడ చేస్తున్నదేంటి?" అన్నారు. కొన్నాళ్లకి రెండ్రోజుల ట్రైనింగుకి పంపారు. బ్యాగు బాగుంది.

అప్పుడు గుర్తొచ్చారు మేడమ్. మా ఎమ్మెస్‌డబ్ల్యూ రోజుల్లో వారానికి రెండ్రోజులు ఫీల్డ్‌వర్క్, తర్వాత ఐసీ, అంటే మాస్టారితో ఒక్కొక్కరం విడిగా కూర్చోవడం. డిగ్రీ చేతికొచ్చిన రోజుతో ఐసీ అయిపోయింది. అసలు పిల్లలు, అసలు పందిళ్లు, అసలు పోలీసులు మొదలైంది మాత్రం ఆ తర్వాతే. ఇది నాకిప్పటికీ అర్థం కాదు: ఉత్తుత్తి పనికి పర్యవేక్షణ, నిజం పనికి సమీక్ష. పుస్తకంలో సూపర్‌విజన్‌కి మూడు పనులని చదువుకున్నాం. లెక్క చూడటం, నేర్పడం, ఆసరా ఇవ్వడం. మా దగ్గర మొదటిది ఒక్కటే మిగిలింది.

మేడమ్ రిటైరై కాకినాడలో ఉంటారు. ఫోన్ చేస్తే ఒప్పుకున్నారు, కానీ షరతులు పెట్టారు. పిల్లల పేరూ ఊరూ చెప్పకూడదు. ఏ పిల్లకైనా ప్రమాదముందని ఆవిడకి అనిపిస్తే సెషన్ ఆపి నేను ఆఫీసుకి రిపోర్టు చేయాలి. కేసులో నిర్ణయం ఆఫీసుదీ కమిటీదీ, ఆవిడది కాదు. గంటన్నర, నెలకొకసారి, ఫోన్లు కట్టేసి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. డబ్బు తీసుకోనన్నారు. అది మాత్రం తప్పని నా అభిప్రాయం, ఊరికే చేసేది మొహమాటంతో నడుస్తుంది, మధ్యలో ఆగిపోతుంది. మీరు చేసుకుంటే డబ్బు ఇచ్చే చేసుకోండి. నేను ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్తున్నాను, ఆవిడకి షుగరు, వాళ్లాయన తింటారు.

మొదటి సెషన్‌కి ఓదార్పు కోసం వెళ్లానని ఒప్పుకుంటాను. సార్‌ని తిడతారని కూడా ఆశపడ్డాను. సమీక్ష సంగతి చెప్పి ఏడ్చాను. పూర్తిగా ఏడవనిచ్చారు. తర్వాత "ఆ రోజు పొద్దుట లేచినప్పటి నుంచి చెప్పమ్మా" అన్నారు. చెప్పుకుంటూ వెళ్లాను. ఎక్కడా ఆపలేదు. అరుగు దగ్గరికొచ్చాక ఆపారు.

"బొండం తాగేటప్పుడు ఏం చూస్తున్నావు?"

"మామ్మగార్ని."

"ఇంకా?"

చాలాసేపటికి నోరు పెగిలింది. "వాచీ చూస్తున్నాను మేడమ్."

"ఎందుకు?"

"ఆఖరి పడవ ఆరింటికి."

అంతే. శీతాకాలం, చీకటి త్వరగా పడుతుంది, పడవ తప్పితే ఆ లంకలో రాత్రి నాకు దిక్కు లేదు. నాకు పడవ కావాలి, కాబట్టి ఆ ఇంట్లో పెళ్లి లేకుండా ఉండాలి. మామ్మగారి మాట నమ్మింది అందుకే. పిల్ల మామ్మ వైపు చూసిన చూపు నేను చూడలేదని కాదు, చూసి కూడా లేచాను. మెమో జవాబులో ఇది రాయలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. విడిగా మాట్లాడి ఉంటే ఆ పిల్ల నోరు విప్పేదా అంటే, తెలీదు.

మేడమ్ తిట్టలేదు, పర్వాలేదని కూడా అనలేదు. లండన్ సంగతి ఒకటి చెప్పారు. విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ల పిల్ల 2000 ఫిబ్రవరిలో పెంచుకుంటున్నవాళ్ల చేతుల్లోనే హింస పడి చనిపోయింది. 2003లో వచ్చిన విచారణ నివేదికలో తేలిందేమంటే, ఆ సోషల్ వర్కర్ పిల్లని నాలుగుసార్లు చూసింది, నాలుగూ కలిపి అరగంట కూడా లేదు. ఆవిడ పైన సూపర్‌విజన్ ఎంత అధ్వానంగా ఉందో కూడా ఆ నివేదికే రాసింది. "నువ్వు నలభై నిమిషాలున్నావు, అందులో పిల్లకి ఎంత?" అన్నారు. లెక్కేశాను. ఒక్క ప్రశ్నంత.

తర్వాతి ఐదు సెషన్లూ ఇంత నాటకంగా లేవు, కొన్ని విసుగ్గా కూడా ఉన్నాయి. కానీ ఇప్పుడు లంకలకి మొదటి పడవకే వెళ్తున్నాను. పిల్లతో మాట్లాడే పని ముందు, పెద్దవాళ్ల బొండం తర్వాత. బడిలో మాట్లాడే వీలుంటే ఇంటికంటే ముందు బడికి. కుదరకపోతే "విడిగా మాట్లాడే వీలు దొరకలేదు, మళ్లీ వెళ్లాలి" అని నివేదికలోనే రాసేస్తున్నాను. గొప్ప కోసం కాదు గానీ, అయినా చెప్తాను: గత నాలుగు నెలల్లో కమిటీ నా రిపోర్టు ఒక్కటీ వెనక్కి పంపలేదు. మా యూనిట్‌లో ఈ మాట అనగలిగేవాళ్లు ఇంకెవరూ లేరు, ప్రొజెక్టర్ మీద వేసి మరీ చూసుకోమనండి.

ఫొటో సలహా ఇచ్చిన అక్క కూడా వచ్చే నెల నాతో కాకినాడ వస్తానంది. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

మేడమ్ చెప్పగా ఆఫీసుకి ఇంకో ఉత్తరం పెట్టాను. లంక గ్రామాల విచారణకి ఆ రోజంతా వేరే పని వేయకూడదని, పడవ ఖర్చు ఇవ్వాలని, పొద్దుపోతే వెనక్కి తెచ్చే ఏర్పాటు ఉండాలని. మూడు నెలలైంది. ఇంకా జవాబు రాలేదు. ఉత్తరం అందినట్టు వాళ్లిచ్చిన ఇన్వార్డ్ నంబరు నా డైరీ మొదటి పేజీలో ఉంది.