కూర్చుంటే చెవులు పనిచెయ్యవట

"కూర్చుంటే నా చెవులు పనిచెయ్యవు మమ్మీ" అన్నాడు మా ఐదేళ్ళవాడు. నల్లగొండ దగ్గర మా అమ్మ ఇంట్లో, పలక ముందు. సెలవుల్లో నాలుగు వారాలకు 56 అక్షరాలని డల్లాస్‌లో విమానం ఎక్కకముందే టైంటేబుల్ రాసుకొచ్చిన మనిషిని నేను. ఒళ్ళు మండింది.

"గట్ల కూసోవెడితె సదువు యాడ వస్తదే? ఉరకనియ్యి పోరన్ని" అంటూ అమ్మ వాణ్ణి బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. ఫ్లోరైడు నీళ్ళు, గిన్నెలు తోమడానికి తప్ప తాగడానికి పనికిరావు. హ్యాండిల్ వాడికి అందదు. ఎగిరి రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు గాల్లో వేలాడేసి, ఒంటి బరువంతా వేస్తే కిర్రుమంటూ దిగేది. నాలుగుసార్లు వేలాడితే చెంబెడు నీళ్ళు. బకెట్ నిండేదాకా వదల్లేదు.

పెన్సిల్ పట్టే వేళ్ళకు ముందు భుజాలు, నడుము గట్టిపడాలని, ఎక్కనివ్వండి, వేలాడనివ్వండి అని అక్కడ వాళ్ళ టీచర్ ఎప్పుడో చెప్పింది. మనం తూలిపోకుండా చూసే ఏర్పాటు కూడా లోపలి చెవిలోనే ఉంటుంది. వాడి చెవుల మాట మరీ సాకు కాదేమో!

మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఆడుతూ తిరుగుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. దాన్ని వాట్సాప్‌లో అందరికీ పంపింది నేనే. పంపుతూనే "దూకకురా, కింది ఫ్లాట్ వాళ్ళు మళ్ళీ కంప్లైంట్ చేస్తారు" అని అరిచిందీ నేనే. ఇక జిమ్నాస్టిక్స్ క్లాసుకు డబ్బు కట్టి, అక్కడిదాకా బెల్టు బిగించి, చేతిలో ఫోన్ పెట్టి తీసుకెళ్తాను.

నేను బుద్ధిగా కూర్చుని చదివేదాన్నని వాడికి తెగ చెప్తుంటాను. తొక్కుడుబిళ్ళ, చిర్రగోనె అయ్యాక, పొద్దుగూకి, నాన్న పిలిస్తేనే కూర్చునేదాన్నని చెప్పను. కాళ్ళు పీకుతుంటే ఎవరైనా కూర్చుంటారు.

బోరింగు నుంచి తడిసి వచ్చి, పది నిమిషాలు కదలకుండా అ, ఆ దిద్దాడు. బోరింగు మహిమో, అమ్మ చేతిలో పెట్టిన సర్వపిండి మహిమో. మర్నాడూ కొట్టించాను, ఆశకొద్దీ. ఈసారి పలక ముఖం కూడా చూడలేదు. నేను మళ్ళీ అరిచాను.

రాత్రి పక్కలో అడిగాడు, "మన ఇంట్లో బోరింగు పెట్టిద్దామా మమ్మీ?"

"అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరు" అన్నాను, అలవాటుగా.