మళ్లీ విప్పాను, మళ్లీ బిగిస్తున్నాను

నిన్న రాత్రి పన్నెండు దాటేవరకూ నా పాత మాజ్దా కారు రోటరీ ఇంజిన్ సైడ్ సీల్స్ అరగదీస్తూ కూర్చున్నాను. అగ్గిపుల్ల కన్నా సన్నంగా, కాస్త వంపు తిరిగి ఉండే ఇనప పట్టీలవి. రోటర్ పక్క భాగంలో ఉన్న గాడిలో కూర్చుంటాయి. పట్టీ కొసకీ మూలన ఉండే కార్నర్ సీల్‌కీ మధ్య సందు 0.05 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 0.15 దాటకూడదు. కొత్త సీల్ పొడుగ్గా వస్తే మనమే దాన్ని ఆ గాడికి సరిపడేలా అరగదీసుకోవాలి. సన్నటి రాయి మీద రెండు రుద్దులు రుద్దడం, తుడవడం, గాడిలో పెట్టి సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూడడం, దూరకపోతే మళ్లీ తీసి ఇంకొక్క రుద్దు. రెండు రోటర్లకూ కలిపి ఇలాంటివి పన్నెండు. ఎక్కువ అరిగితే ఆ సందులోంచే కంప్రెషన్ జారిపోతుంది. తక్కువ అరిగితే ఇంకా ప్రమాదం, వేడికి సాగి కార్నర్ సీల్‌ను తన్ని అక్కడే బిగుసుకుపోతుంది.

నా ఆర్‌ఎక్స్-7, అంటే 1985లో వచ్చిన రెండో తరం (కోడ్ పేరు ఎఫ్‌సీ) కారుకి నా చేత్తో చేస్తున్న మూడో రీబిల్డ్ ఇది. టర్బో లేని 13బీ ఇంజిన్. ఇన్నిసార్లు విప్పాల్సిన ఇంజిన్ ఎందుకు, మామూలు పిస్టన్ ఇంజిన్ వేసేసుకోవచ్చు కదా అని తెలిసినవాళ్లందరూ అడుగుతారు. పెద్ద వీ8 దింపేసి హాయిగా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ నేను మాత్రం వెయ్యను. ఎందుకో రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను.

ఈ ఇంజిన్ మొత్తం నా బుర్రలో పడుతుంది. అసలు కారణం అదే. లోపల తిరిగేవి మూడే మూడు, రెండు రోటర్లు, వాటి బలాన్ని బయటికి అందించే ఒక ఎసెంట్రిక్ షాఫ్ట్ అనే ఇరుసు. వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైన్ లేదు. పొట్ట కొంచెం ఉబ్బిన త్రికోణం లాంటి రోటర్, నడుము దగ్గర నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఉండే హౌసింగ్‌లో దొర్లుతూ తిరుగుతుంది. దాని మూడు ముఖాలూ వంతులవారీగా గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ బయటికి తోయడం చేస్తుంటాయి. రోటర్ ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. మీటర్ మీద 9000 కనిపిస్తున్నప్పుడు లోపల రోటర్ తిరిగేది నిమిషానికి 3000 చుట్లే. పైకీ కిందకీ కొట్టుకునే బరువేదీ లేదు కాబట్టి అదురు ఉండదు. స్పీడ్ పెరిగేకొద్దీ ఇంకా నున్నగా అయిపోతున్నట్టు ఉంటుంది, అందుకే రెడ్‌లైన్ దగ్గర బజర్ పెట్టారు, లేకపోతే డ్రైవర్‌కు తెలియకుండానే దాటేస్తాడు. 1308 సీసీ ఇంజిన్, ఇద్దరు మనుషులు పట్టుకుంటే బల్ల మీదకి ఎక్కుతుంది.

బలహీనత కూడా అంతే స్పష్టం. రోటర్ మూడు కొసల్లోనూ ఉండే ఎపెక్స్ సీల్స్. నా ఇంజిన్‌లో వాటి మందం 2 మిల్లీమీటర్లు, అంతకు ముందు తరాల్లో 3 ఉండేది. ఆ సీల్ హౌసింగ్ గోడను రాసుకుంటూ పరుగెత్తాలి, అది కూడా నిమిషానికి వేల చుట్లు. మొదటి రోజుల్లో ఇంజనీర్లందరూ ఓడిపోయింది ఇక్కడే. ఈ ఇంజిన్‌ను మొదట ఊహించిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనను జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో మొదటిసారి తిప్పి చూపించింది, 1967లో రో 80 అనే అందమైన కారు కూడా తెచ్చింది, కానీ సీల్స్ త్వరగా అరిగిపోయి వారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి ఆ కంపెనీ నడుం విరిగింది. రో 80 నడిపేవాళ్లు రోడ్డు మీద ఎదురుపడితే ఇప్పటివరకు ఎన్ని ఇంజిన్లు మార్చారో వేళ్లతో చూపించుకునేవారని చెప్తారు.

మాజ్దా 1961లో ఎన్‌ఎస్‌యూ నుంచి ఈ ఇంజిన్‌కు లైసెన్స్ తీసుకుంది. కెనిచి యమమోటో కింద 47 మంది ఇంజనీర్లను పెట్టారు. హౌసింగ్ గోడ మీద వరసగా గీతలు పడేవి, బట్టలు ఉతికే రాయి మీద గళ్లలాగా. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు దెయ్యం గోళ్ల గీతలు. సీల్ గోడ మీద జారకుండా వణుకుతూ ఎగిరెగిరి పడడం వల్ల వచ్చేవి. చివరికి కార్బన్‌లోకి అల్యూమినియం ఎక్కించి చేసిన సీల్‌తో ఆ పీడ వదిలింది, 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాదే జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటలు ఆగకుండా నడిచే రేసుకు రెండు కాస్మోలను పంపారు, ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది. నాకు గెలిచిన కార్ల కన్నా ఆ నాలుగో స్థానం కారు మీదే ఎక్కువ ప్రేమ. నిన్నటివరకు గీతలు పడి చచ్చిన ఇంజిన్‌ను 84 గంటల రేసుకు తీసుకెళ్లాలంటే ఎంత గుండె ఉండాలి!

ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు, లె మాన్స్ గురించి రాయకుండా ఎలా ఉంటాను. 1991 జూన్‌లో మాజ్దా 55 నంబరు కారు 787బీ, డ్రైవర్లు జానీ హెర్బర్ట్, ఫోల్కర్ వైడ్లర్, బెర్ట్రాండ్ గాషో, నాలుగు రోటర్ల ఆర్26బీ ఇంజిన్, 2616 సీసీ, దాదాపు 700 హార్స్‌పవర్. 362 ల్యాప్‌లు. జపాన్ కంపెనీ అక్కడ మొత్తం రేసు గెలవడం అదే మొదలు, పిస్టన్ లేని ఇంజిన్ గెలవడం ఇప్పటికీ అదొక్కటే. చివరి విడతలు హెర్బర్ట్ దిగకుండా నడిపి, కారు దిగాక ఒంట్లో నీరు లేక పడిపోయి పోడియం కూడా ఎక్కలేకపోయాడు. రేసయ్యాక ఇంజిన్ విప్పి చూస్తే సీల్స్ ఇంకా బాగానే ఉన్నాయి. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఎందుకంటే ఈ ఇంజిన్ నిలబడదనే మాటకు ఇంతకన్నా జవాబు ఉండదు. సరిగ్గా బిగించి, సరిగ్గా చల్లబరిచి, నూనె సరిగ్గా అందిస్తే 24 గంటలు పూర్తిగా తొక్కినా నిలబడింది.

ఆ సరిగ్గా అన్న మాట నాకు చేదుగా నేర్పిన పాఠం ఒకటుంది. రెండో రీబిల్డ్ అయ్యాక ముందువైపు ఆయిల్ సీల్ దగ్గర చెమ్మ కనిపించింది. ఇంజిన్ కారులోనే ఉంది, పడుకుని ఉన్నట్టుగా. పుల్లీ మధ్యలో ఉండే పెద్ద బోల్టు విప్పితే సీల్ మార్చేయొచ్చు, అరగంట పని అనుకున్నాను. విప్పాను, మార్చాను, బిగించాను. ఆ బోల్టు వెనకాల ఒక స్పేసర్, దాని పక్కన షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే, సూదుల్లాంటి రోలర్లున్న థ్రస్ట్ బేరింగ్ ఉంటాయి. బోల్టు వదులవగానే ఆ బేరింగ్ తన చోటి నుంచి ఒక్క వెంట్రుక కిందకి జారింది, నేను తిరిగి బిగించినప్పుడు స్పేసర్ కింద నలిగింది. బయటికి ఏమీ కనిపించదు. స్టార్ట్ చేస్తే లేచింది కూడా. నాలుగు నిమిషాలకు మా తమ్ముడు బానెట్ మీద చెయ్యి పెట్టి, "అన్నా, ఆపెయ్, ముందువైపు ఏదో గీరుకుంటోంది" అన్నాడు. నాకు వినపడలేదు, వాడికి వినపడింది. ఆపి, షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ కదిపి చూస్తే కదలికే లేదు. అక్కడ 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల దాకా ఆడాలి, సున్నా! ఇంజిన్ మళ్లీ కిందకి దించాం. విప్పితే ఆ సూదులు వంకర పోయి ఉన్నాయి, పక్కనున్న ప్లేటు మీద గుండ్రంగా గీత. ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే ఆ ఇనప రజను నూనెతో పాటు అన్ని బేరింగులకూ చేరేది.

అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను. ముందువైపు బోల్టు ముట్టుకోవాల్సి వస్తే ఇంజిన్‌ను ముందు భాగం పైకి వచ్చేలా నిలబెట్టి చెయ్యండి, బిగించాక డయల్ గేజ్ పెట్టి ఎండ్ ప్లే, అంటే షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడే దూరం, కొలవండి, కొలిచిన అంకె రాసిపెట్టుకోండి.

పాత రోటరీ కారు కొనబోయేవాళ్లకు కూడా ఒక మాట. మామూలు కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక అంకె చూసి నమ్మకండి. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, ఆ గేజ్ వాటిలో గట్టిగా ఉన్నదాన్నే పట్టుకుని చూపిస్తుంది, మిగతా రెండూ చచ్చినా తెలియదు. గేజ్‌లో గాలి ఆపే చిన్న వాల్వు తీసేసి తిప్పించండి, ముల్లు మూడుసార్లు ఒకే ఎత్తుకు ఎగరాలి. టప్, టప్, టప్ అని సమానంగా. ఒకటి గట్టిగా రెండు నీరసంగా వస్తే ఎపెక్స్ సీలో కార్నర్ సీలో పోయింది. అలాగే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, కారు రెండడుగులు జరిపి ఆపేసే అలవాటు అమ్మేవాళ్లకుంటే మానిపించండి, లోపల చేరిన పెట్రోల్ సీల్స్ మీది నూనె పొరను కడిగేస్తుంది, తర్వాత ఎంత తిప్పినా అంటుకోదు.

రేసు సంగతికి వస్తే, ట్రాక్ మీద నా భయమంతా వేడి గురించే. రోటర్లను లోపల్నుంచి చల్లబరిచేది నూనే, కాబట్టి రేడియేటర్ ఎంత ముఖ్యమో ఆయిల్ కూలర్ అంతే ముఖ్యం. హౌసింగ్‌లు అల్యూమినియం, వాటి మధ్య ప్లేట్లు పోత ఇనుము, రెండూ వేడికి ఒకేలా సాగవు, అందుకే ఒక్కసారి గట్టిగా వేడెక్కితే నీళ్ల సీల్స్ పని అయిపోయినట్టే. నా మొదటి ఇంజిన్ పోయింది అలాగే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు. అప్పట్నుంచి సూది కొంచెం పైకి జరిగితే చాలు, ఎంత మంచి ల్యాప్ అయినా వదిలేసి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి లోపలికి వచ్చేస్తాను. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కూడా కొలిచి కలుపుతాను. నూనె తాగే ఇంజిన్ అని వెక్కిరించేవాళ్లకు చెప్పేది ఒక్కటే, సీల్ గోడ మీద ఎండుగా పరుగెత్తకుండా కంపెనీయే నూనె కొంచెం కొంచెంగా లోపలికి పంపే పంపు పెట్టింది, అది తాగాల్సిందే.

ఈసారి బ్రిడ్జ్ పోర్ట్ చేయమని స్నేహితులు చాలా పోరారు. గాలి లోపలికి వచ్చే కిటికీ పక్కన ఇంకో చీలిక కోసి, సీల్ దారి తప్పకుండా మధ్యలో సన్నటి ఇనప వంతెన వదిలిపెట్టడం. అలా చేసిన ఇంజిన్ ఐడిల్‌లో బ్రాప్ బ్రాప్ అని ఎగిరెగిరి పడుతుంది, వీధి చివర్నుంచే రోటరీ వస్తోందని తెలిసిపోతుంది. నాకూ ఆ శబ్దమంటే పిచ్చి. ప్యూర్టో రికోలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో డ్రాగ్ రేసులకు ఆ శబ్దం కోసమే వెళ్లేవాళ్లున్నారు. కానీ కింది ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది, పైగా ఆ వంతెన విరిగితే ఆ ముక్క రోటర్‌నూ హౌసింగ్‌నూ రెంటినీ తినేస్తుంది. నా ట్రాక్‌కు మలుపుల్లోంచి లాగే బలం కావాలి. అందుకని పోర్టుల అంచులు కొంచెమే పెద్దవి చేసి స్ట్రీట్ పోర్ట్‌తో ఆగాను. దీని మీద మా వాళ్లతో గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయినప్పుడు ఇక అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2023లో మాజ్దా ఎంఎక్స్-30లో 830 సీసీ ఒకే రోటర్ ఇంజిన్‌ను బ్యాటరీ నింపే జనరేటర్‌గా మళ్లీ తెచ్చింది. చక్రాలను అది తిప్పదు, అయినా ఆ ఫోటో చూసి నేను ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను. ఎవరో ఒకరు ఫ్యాక్టరీలో కూర్చుని ఇంకా ఎపెక్స్ సీల్ గురించి ఆలోచిస్తున్నారు.

ఇవాళ పేర్చడం మొదలు. ముందువైపు ప్లేటు అడుగున పెట్టి ఒక్కొక్కటీ పైకి. సీల్స్ గాడుల్లోంచి జారిపోకుండా వ్యాజ్‌లైన్ రాసి నిలబెట్టాలి, షాఫ్ట్ దింపాలి, మధ్య ప్లేటు దించేటప్పుడు షాఫ్ట్‌ను ఒక అంగుళం పైకి ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే దూరదు. దానికి రెండో మనిషి కావాలి. తమ్ముడు సాయంత్రం ఆరింటికి వస్తానన్నాడు. సైడ్ సీల్స్ పదకొండు అయ్యాయి, వెనక రోటర్‌లో ఒక్కటి ఇంకా 0.05 గేజ్‌ను పట్టేస్తోంది, వాడు వచ్చేలోగా దాన్ని ఇంకో రెండు రుద్దులు రుద్దాలి.