ఫుటేజ్ ఒకచోటే, పని మాత్రం మూడు గదుల్లో

పోచంపల్లి చేనేత మీద చేస్తున్న డాక్యుమెంటరీ ఎడిట్ పూర్తయి లాక్ అయింది. పొద్దున్నే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లోంచి కట్ల వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ తీసి రంగులు సరిచేసే కలరిస్ట్ అన్నకి, సౌండ్ పనికి వాడే ఏఏఎఫ్ ఫైల్ తీసి సౌండ్ ఆయనకి ఇచ్చేశాను. ఫుటేజ్ మాత్రం ఎవరికీ కాపీ చేసి ఇవ్వలేదు. అదంతా ఆఫీసు సర్వర్‌లో ఉంది, ఎవరి సిస్టమ్‌లో వాళ్లు అక్కడినుంచే నేరుగా తెరుచుకోవాలి. ఈ పద్ధతి కోసం నేను చాలాకాలంగా పట్టుబడుతున్నాను. ఒక టెరాబైట్ ఫుటేజ్‌ని మామూలు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలంటే సెకనుకి 120 ఎంబీ చొప్పున వెళ్లినా రెండు గంటల పైనే పడుతుంది, ఇద్దరికి రెండు డిస్క్‌లంటే ఒక పూట దానికే సరిపోతుంది, ఆ తర్వాత మధ్యలో ఒక షాట్ మారిస్తే ఎవరి డిస్క్‌లో ఉన్నది కొత్తదో తేల్చుకోవడానికి ఇంకో పూట.

కాసేపటికే అన్న పిలిచాడు. "తమ్ముడూ, టైమ్‌లైన్ మొత్తం ఎర్రగా ఉంది, ఒక్క షాట్ రావట్లేదు." వెళ్లి చూస్తే ఆయన వాడే కలర్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో అన్నీ మీడియా ఆఫ్‌లైన్, అంటే ఫైళ్లు దొరకట్లేదని. నిన్న రీలింక్ చేసుకుని, అంటే ఫైళ్లు ఎక్కడున్నాయో మళ్లీ చూపించి, చూసుకున్న మొదటి రీల్ కూడా పోయింది. ఎక్స్‌ఎంఎల్‌లో వీడియో ఉండదు, ఏ కట్ ఎక్కడ, ఏ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందనే అడ్రస్ మాత్రమే ఉంటుంది. నాది విండోస్, నాకు సర్వర్ జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఆయన మ్యాక్‌లో అదే సర్వర్ వాల్యూమ్స్ కింద ఉంటుంది. ఆ తేడా మాకు అలవాటే, పై ఫోల్డర్ చూపించి రీలింక్ కొడితే సరిపోతుంది. ఈరోజు సంగతి అది కాదు. టెర్మినల్‌లో వాల్యూమ్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే షేర్ (సర్వర్‌లో మేం పంచుకునే ఫోల్డర్) పేరు చివర "-1" అని ఉంది. నిన్నటి కనెక్షన్ మధ్యలో తెగి ఆ పేరు అక్కడే మిగిలిపోయింది, దాంతో కొత్తగా కనెక్ట్ అయిన దానికి మ్యాక్ తనంతట తానే ఆ అంకె తగిలించింది. ఒక గీత, ఒక అంకె, అంతే, గంటన్నర సినిమా మొత్తం మాయం! రీస్టార్ట్ చేసి షేర్‌ని ఒక్కసారే కనెక్ట్ చేశాక పాత పేరుతోనే వచ్చింది, రీలింక్ కొట్టాక షాట్లన్నీ మళ్లీ కనిపించాయి.

రీలింక్ అప్పుడు ఒక్క షాట్ కూడా తప్పుగా తగులుకోలేదు, ఆ ఘనత పూర్తిగా మా అసిస్టెంట్ కుర్రాడిదే. రెండు సోనీ కెమెరాలు, రోజూ ఫార్మాట్ అయ్యే కార్డులు, ఫైల్ నంబర్ ప్రతిసారీ మొదటికొచ్చే రీసెట్ సెట్టింగ్‌లో ఉంటే ప్రతి కార్డులోనూ మొదటి ఫైల్ సి0001 అనే వస్తుంది. ప్రతి ఫ్రేముకీ పడే సమయం అంకె, అదే టైమ్‌కోడ్, కూడా రెండింటికీ సున్నా నుంచే మొదలైతే ఏది ఏదో సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారే లేదు. ఆ కుర్రాడు ఎడిట్ మొదలవకముందే, ఫుటేజ్ దించిన రోజే, ప్రతి ఫైల్ పేరు ముందు కెమెరా, తేదీ, కార్డు నంబర్ చేర్చేశాడు. ఈ పనికి ఎవరూ పేరు వేయరు గానీ, ఎండ్ టైటిల్స్‌లో వాడి పేరు పైవరసలో ఉండాలని నా కోరిక.

మధ్యాహ్నం సౌండ్ గదికి వెళ్లాను. ఏఏఎఫ్‌లో ప్రతి ముక్కకీ అటూ ఇటూ ఐదేసి సెకన్లు హ్యాండిల్స్, అంటే కట్‌కి అవతలి అదనపు సౌండ్, పెట్టాను, అవి బాగా పనికొచ్చాయి. చిటికి కడుతూ (రంగు అద్దే ముందు నూలుకి ముడులు వేస్తూ) మాట్లాడే పెద్దావిడ షాట్‌లో నేను మాట దగ్గర కట్ చేశాను, ఆ మాటకి ముందున్న మగ్గం చప్పుడు ఆయనకి హ్యాండిల్‌లో దొరికింది. దాన్ని లాగి వెనక షాట్ కింద పరిచాడు. ఇప్పుడు ఆవిడ కనిపించకముందే మగ్గం వినిపిస్తుంది, సీన్ ఎంత బాగుందో!

సాయంత్రం మళ్లీ ఒక ఇబ్బంది. ఎడిట్ నేను ప్రాక్సీల (ఫుటేజ్‌కి తేలికపాటి కాపీల) మీద చేశాను కాబట్టి నాకు నెట్‌వర్క్ లైన్ సరిపోయింది. గ్రేడ్ చేసి, అంటే రంగులు సరిచేసి, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే బరువైన ఫార్మాట్‌లో తీసిన మాస్టర్ ఫైల్ అలా కాదు, 4కె, 25 ఫ్రేముల దగ్గర సెకనుకి దాదాపు 737 మెగాబిట్లు తింటుంది. సెకనుకి వెయ్యి మెగాబిట్ల మా గిగాబిట్ లైన్ అది ఒక్కటి ప్లే చేస్తేనే చాలావరకు నిండిపోతుంది, అదే సమయంలో నేను ఏదైనా కాపీ పెడితే అక్కడ అన్నకి ఫ్రేములు ఆగిపోతున్నాయి. ఆయన ప్లే చేసినంతసేపూ నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. కలర్ గదికైనా 10 గిగాబిట్ లైన్ వేయించమని రేపు సార్‌ని అడగాలి. స్విచ్, రెండు నెట్‌వర్క్ కార్డులు, కేబుల్, వాటి ధరలు రాసి పెట్టుకున్నాను. సర్వర్‌లో ఇప్పుడున్న హార్డ్ డిస్క్‌లు అంత వేగం ఇవ్వగలవో లేదో పొద్దున్నే ఒకసారి పరీక్షించి, ఆ తర్వాతే ఆయన దగ్గరికి వెళ్తాను.