నాయిన పేరు లేని రెజ్యూమె

మంగళవారం, రాత్రి

నెల రోజులల్ల ఉద్యోగం కోసం పదకొండు కంపెనీలకు రెజ్యూమె పంపిన. జవాబు వచ్చింది ఒక్కటే. అది కూడా 'మీ దరఖాస్తు అందింది' అని మిషన్ పంపే మెయిల్.

మా పెద్దనాయిన కొడుకు పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీ క్యూసీల, అంటే మందుల నాణ్యత పరీక్షించే కాడ చేస్తడు. ఇయ్యాల నైట్ షిఫ్ట్ దిగి రాంగనే, పండుకోనియ్యకుండ ఫోన్ ముందట పెట్టిన. పాలమూరు క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్ల చేయించిన రెజ్యూమె. రెండు వరుసలు, పక్కన నీలం పట్టీ, పాస్‌పోర్ట్ ఫొటో.

"ఇది నీదేనా, పక్కింటోళ్లదా?" అన్నడు ఛాయ్ తాగుకుంట.

నిజమే. 'ఛాలెంజింగ్ పొజిషన్' అనే ముక్క నేను రాయలే. నెట్ సెంటరాయన కంప్యూటర్ల ముందే ఉంటది, పేరు మార్చి ప్రింట్ తీస్తడు. మా క్లాసోళ్లందరిదీ అదే. నా హాబీలు కూడా ఆయనే రాసిండు.

"పీజీల ప్రాజెక్ట్ ఏం చేసినవ్?"

చెప్పిన. ఇరవై పారాసిటమాల్ గోలీలు తూచి, నూరి, ఆ పొడిని సోడియం హైడ్రాక్సైడ్‌ల కరిగించి, వడగట్టి, పలుచగ చేసి, యూవీ మిషన్ల (కంటికి కనబడని యూవీ వెలుగును మందు ఎంత పీల్చుకుంటదో కొలిచేది) 257 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసినం. మొదటి రెండు రోజులు రీడింగులు ఒకదానికొకటి పొంతన లేదు. చూస్తే క్వార్ట్జ్ క్యువెట్ (ద్రావణం పోసి మిషన్ల పెట్టే చిన్న డబ్బి) పెట్టాల్సిన కాడ గాజుది పెట్టిన, గాజేమో ఆ వెలుగును ఆపేస్తది!

అన్న పడి పడి నవ్విండు. "ఇంటర్వ్యూల ఇదే చెప్పు. మరి ఇదంత రెజ్యూమెల యాడుంది?"

'ప్రాజెక్ట్ వర్క్: కంప్లీటెడ్'. గంతే ఉంది.

హెచ్‌పీఎల్‌సీ (మందుల ఏమేం ఉన్నయో వేరుచేసి కొలిచే మిషన్) మీద నేను చెయ్యి పెట్టింది రెండుసార్లే. రాయాల్నా వద్దా అంటే, "చూసిన అని రాయి, వచ్చు అని రాయకు. ఆ మిషన్ల పారించే ద్రావణం, మొబైల్ ఫేజ్ ఎట్ల కలిపినవ్ అని అడిగితే ఆడనే దొరుకుతవ్" అన్నడు. కొన్ని కంపెనీలల్ల ముందు సాఫ్ట్‌వేరే చదువుతదట, రెండు వరుసలుంటే ఎడమదీ కుడిదీ కలిపేస్తదట. అంటే నా డిగ్రీ మార్కులు పోయి హాబీలల్ల పడ్డట్టే. ప్రకటనల యూవీ అని ఉంటే మనం కూడా యూవీ అనే రాయాలట.

అన్న పండుకున్నంక కూసొని మార్చిన. ఫొటో, పట్టీ, మతం, పెండ్లి అయ్యిందా లేదా, కింద ప్రమాణం, అన్నీ తీసేసిన. గాజు క్యువెట్ సంగతి తప్ప ప్రాజెక్ట్ మొత్తం నాలుగు లైన్లల్ల పట్టింది. ఫైల్ పేరు 'న్యూ ఫైనల్ 3' అని ఉండె. ఇన్ని రోజులు గదే పంపిన, సిగ్గయింది. నా పేరు, ఉద్యోగం పేరు పెట్టిన.

రాత్రి నాయిన ఆటో పెట్టి వచ్చిండు. చూపెట్టిన. అద్దాలు పెట్టుకొని పైనుంచి కిందిదాంక చూసిండు.

"నా పేరు యాడుంది?"

"ఇప్పుడు పెట్టొద్దట నాయినా."

కొంచెంసేపు ఏమనలే. ఫోన్ నా చేతికిచ్చి, "ఆ నెట్ సెంటరాయనే నయం, పెట్టిండు" అనుకుంట కాళ్లు కడుక్కోను పోయిండు.