డబ్బా మీది పిక్సెళ్లు కాదు, డిగ్రీలు లెక్కపెట్టండి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొనాలనుకునేవాళ్లు ముందు చూసేది రిజల్యూషన్. ఒక్కో కంటికి 2064×2208 అని డబ్బా మీద కనబడగానే, టీవీ కన్నా మెరుగే కదా అనిపిస్తుంది. తీరా పెట్టుకుని చూస్తే ఆటలో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. ఇందులో మోసమేమీ లేదు. టీవీ మన చూపులో ముప్పయ్యో నలభయ్యో డిగ్రీల మేర ఉంటుంది. హెడ్‌సెట్‌లో అన్నే పిక్సెళ్లను లెన్స్ వంద డిగ్రీలకు పైగా సాగదీస్తుంది. దుప్పటి అదే, మంచమే పెద్దది.

అందుకే చూడాల్సిన లెక్క డిగ్రీకి ఎన్ని పిక్సెళ్లు అనేది. దీన్నే పీపీడీ అంటారు. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు కంటికి సుమారు 2 డిగ్రీలు. చూపు బాగున్న కన్ను డిగ్రీకి 60 పిక్సెళ్ల వరకు విడివిడిగా పోల్చుకోగలదు, అంటే ఆ వేలి అడ్డంలో 120. 2013 నాటి ఆక్యులస్ డీకే1 హెడ్‌సెట్‌లో అక్కడ పట్టినవి పదిహేను లోపే. క్వెస్ట్ 2లో 40, క్వెస్ట్ 3లో 50, ఆపిల్ విజన్ ప్రోలో సుమారు 68. ఇక 60 సెం.మీ. దూరంలో పెట్టిన 27 అంగుళాల 1440పీ మానిటర్ ఎప్పటినుంచో 90 ఇస్తోంది. మానిటర్ మీద ఆడటానికి అలవాటుపడిన కళ్లకు వీఆర్ మసకగా అనిపించడానికి కారణం ఇదే.

ఆటలు తయారుచేసేవాళ్లకు దీని నుంచి ఒక పనికొచ్చే సూత్రం దొరుకుతుంది. ఒక మీటరు దూరంలో ఉన్న పలక మీద అక్షరం ఎత్తు కనీసం 2 సెం.మీ. ఉండాలి. 25 పీపీడీ (క్వెస్ట్ 3 స్థాయి) దగ్గర అది 29 పిక్సెళ్లు అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఇది సరిపోతుంది. తెలుగుకు మాత్రం పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, మూడంతస్తులు కట్టాలి కనుక 3 సెం.మీ. ఇవ్వండి. లేకపోతే ‘స్త్రీ’ లాంటి మాట నల్లటి మచ్చలా కనబడుతుంది.

పీపీడీ పెరిగితే చాలనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ లెక్క తల కదలనప్పటిది. పక్కకు చూసేటప్పుడు తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరగడం మామూలే. 90 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 90 సార్లు బొమ్మ మార్చే తెర మీద ఒక్కో బొమ్మ, అంటే ఫ్రేము, ఆయుష్షు 11.1 మిల్లీసెకన్లు. ఆలోగా తల 1.1 డిగ్రీ తిరుగుతుంది. 25 పీపీడీ తెరలో అది 28 పిక్సెళ్లు. ఫ్రేము వెలుగుతున్నంతసేపూ బొమ్మ తెరకు అంటుకుని తలతో పాటే వస్తుంది. కళ్లేమో ఆటలోని వస్తువు మీదే నిలవాలని తలకు ఎదురు తిరుగుతుంటాయి. ఈ లాగులాటలో ప్రతి అంచూ రెటీనా మీద 28 పిక్సెళ్ల మేర పులుముకుపోతుంది. మీరు డబ్బు పోసి కొన్న రిజల్యూషన్ తల తిప్పిన ప్రతిసారీ గాలిలో కలిసిపోతుందన్నమాట.

దీనికి విరుగుడు ఫ్రేమును ఒక్క మిల్లీసెకను మాత్రమే వెలిగించి, మిగతా పది మిల్లీసెకన్లూ తెరను చీకటిగా ఉంచడం. అప్పుడు పులుముడు మూడు పిక్సెళ్ల లోపుకి దిగుతుంది. లో పర్సిస్టెన్స్ అనే ఈ పద్ధతి 2014లో డీకే2తో ఆటగాళ్ల చేతికి వచ్చింది. 2019 నాటి వాల్వ్ ఇండెక్స్ దాన్ని 0.33 మిల్లీసెకను దాకా దించింది. 120 హెర్ట్జ్ అనగానే బొమ్మ స్పష్టంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పులుముడును తగ్గించేది వెలిగే వ్యవధి, హెర్ట్జ్ కాదు. హెర్ట్జ్ పెరిగితే మినుకు తగ్గుతుంది, ఆలస్యం తగ్గుతుంది. రెండూ మంచివే, కానీ అది వేరే సంగతి.

అయితే పదకొండింట పదివంతుల సేపు చీకటిగా ఉంటే వెలుతురు ఎక్కణ్నుంచి రావాలి? అసలు చిక్కు ఇక్కడుంది. ఇప్పటి పలుచని హెడ్‌సెట్లన్నీ పాన్‌కేక్ లెన్స్‌లు వాడతాయి. వీటిలో కాంతి, సగాన్ని పోనిచ్చి సగాన్ని తిప్పికొట్టే ‘సగం అద్దం’ గుండా వెళ్లి, వెనక్కి మళ్లి, దానికే తగిలి మళ్లీ ముందుకు వస్తుంది. దారి మడతపడుతుంది కాబట్టే హెడ్‌సెట్ ముక్కు మీద బరువుగా ముందుకు పొడుచుకు రాకుండా ఉంటుంది. కానీ ఆ సగం అద్దాన్ని ఒకసారి దాటాలి, ఇంకోసారి దానికి తగిలి మళ్లాలి, రెండుసార్లూ సగం పోతుంది. మిగిలేది ఎంత బాగా చేసినా పావువంతు. ఈ లెన్స్‌లకు తరంగాలు ఒకే దిశలో ఊగే (పోలరైజ్ అయిన) కాంతి కావాలి. ఓలెడ్, అంటే ప్రతి పిక్సెలూ తానే వెలిగే తెర, ఇచ్చే కాంతి అలా ఉండదు కాబట్టి దాన్ని వడకట్టే పోలరైజర్ దగ్గర ఇంకో సగం పోయి, ఎనిమిదో వంతు మిగులుతుంది. కంటికి 100 నిట్లు (వెలుతురు కొలత) చేరాలంటే, మిల్లీసెకను వెలుగు లెక్కలో, ఓలెడ్ పలక దాదాపు 9 వేల నిట్లు వెలగాలి. ఎల్‌సీడీ అయితే అందులో సగం చాలు, పైగా దానికి వెనకున్న బ్యాక్‌లైట్‌ను గట్టిగా వెలిగించుకోవచ్చు. మైక్రో ఓలెడ్ హెడ్‌సెట్లలో నలుపు అద్భుతంగా ఉండి, తల తిప్పితే బొమ్మ మసకబారడానికి కారణం ఇదే: వెలుతురు చాలక వెలిగే వ్యవధిని పొడిగిస్తారు. కొన్ని ఓలెడ్ హెడ్‌సెట్లలో బ్రైట్‌నెస్ తగ్గిస్తే కదలికలో స్పష్టత పెరుగుతుంది. మీ దానిలో ప్రయత్నించి చూడండి, సెట్టింగుల్లో ఒక్క మీట జరపడమే.

ఓలెడ్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. పూర్తిగా ఆరిన పిక్సెల్ మళ్లీ వెలగడానికి కాస్త తటపటాయిస్తుంది. చీకటి దృశ్యంలో తల తిప్పితే నల్లటి తోకలు కనబడేది అందుకే. ఆటలో నలుపును సున్నాకు కాకుండా కొంచెం పైకి పెడితే ఇవి మాయమవుతాయి. స్వచ్ఛమైన నలుపు కోసమే ఓలెడ్ కొన్నవాళ్లకు ఈ సలహా రుచించదనుకోండి.

కొన్న హెడ్‌సెట్‌ను సరిగ్గా పెట్టుకోకపోతే ఈ లెక్కలన్నీ వృథా. మొదటిది కనుపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 54 నుంచి 74 మి.మీ. మధ్య ఉంటుంది, సగటు 63. అద్దం ముందు 20 సెం.మీ. దూరంలో నిలబడి, స్కేలును కనుబొమలకు ఆనించండి. కుడి కన్ను మూసి, సున్నాను ఎడమ కనుపాప నడుమకు తెండి. స్కేలు కదలకుండా ఇప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కనుపాప నడుమ ఏ గీత పడిందో చూడండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. హెడ్‌సెట్ చక్రాన్ని ఆ అంకెకు తిప్పండి. ఒకట్రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. నాలుగైదు మి.మీ. తేడా ఉంటే అరగంటలో కనుబొమల మధ్య నొప్పి మొదలవుతుంది, వస్తువుల పరిమాణం కూడా తప్పుగా తోస్తుంది.

రెండోది ఎత్తు. చాలామంది హెడ్‌సెట్‌ను ముక్కు మీద పెట్టి పట్టీలు బిగిస్తారు. బరువు మోయాల్సింది తల వెనుక గుబ్బ కింద కూర్చునే పట్టీ. అది ముందు సర్దండి. తర్వాత ఏదైనా చిన్న అక్షరాల మెనూ తెరిచి, హెడ్‌సెట్‌ను మిల్లీమీటరు మిల్లీమీటరుగా పైకీ కిందికీ జరుపుతూ స్పష్టంగా కనబడే చోట ఆపండి. ఫ్రెనెల్ (గుండ్రటి గాడులున్న) లెన్స్ ఉన్న పాత వాటిలో ఆ చోటు చాలా ఇరుకు. పాన్‌కేక్‌లో విశాలం. పక్కకు పెట్టేటప్పుడు లెన్స్‌లు కిటికీ వైపు తిరిగి ఉండకూడదు. ఎండ పడితే లెన్స్ భూతద్దమై వెనకున్న పలకను కాల్చేస్తుంది. కొద్దిసేపు చాలు, ఆ పసుపు మచ్చ ఇక పోదు.

ఇక కడుపులో తిప్పడం గురించి. తల కదలికకూ తెర మీద మార్పుకూ మధ్య ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో అందరూ పట్టుకున్న గీత. పీసీ మీద ఆడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, ఫ్రేము రేటు సగటును చూసి తృప్తిపడటం. సగటు 90 ఉన్నా, ప్రతి పదో ఫ్రేము 14 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే ఒళ్లు తెలుసుకుంటుంది. ఫ్రేము టైము గ్రాఫ్ తెరిచి, 90 హెర్ట్జ్ దగ్గర జీపీయూ (బొమ్మలు గీసే చిప్) గీత 9.5 లేదా 10 మిల్లీసెకన్ల దగ్గరే ఆగేలా సెట్టింగులు దించండి. ముందు నీడలు, పొగమంచు, ప్రతిబింబాలు తగ్గించండి. గీయడానికి ఖరీదైనవి అవే. రిజల్యూషన్ జోలికి చివర్లో వెళ్లండి. పీసీలో వీఆర్ ఆటలు నడిపే స్టీమ్‌వీఆర్‌లో రిజల్యూషన్ 100 శాతం అంటే పలక రిజల్యూషన్ కాదని గుర్తుంచుకోండి. 1080×1200 పలక ఉన్న మొదటి వైవ్ హెడ్‌సెట్‌కు 1512×1680 గీస్తారు. లెన్స్ వంపును సరిచేయడానికి బొమ్మను వంచుతారు, ఆ వంపులో నడిభాగం పలచబడకుండా అదనంగా గీయాలి. ఫ్రేములు అందనప్పుడు పీసీ సెకనుకు 45 మాత్రమే గీస్తుంది, మధ్యలోవి వీఆర్ సాఫ్ట్‌వేర్ అల్లుకుంటుంది. విమానాల ఆటల్లో దూరపు దృశ్యానికి ఇది బాగానే సాగుతుంది. దగ్గరగా దాటిపోయే కారు, ఊపుతున్న చెయ్యి మాత్రం అంచుల్లో నీళ్లలా వణుకుతాయి.

వైఫై మీద ఆడేవాళ్లకు ఒక లెక్క. క్వెస్ట్ 3 రెండు కళ్లకూ 90 హెర్ట్జ్‌లో కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 20 గిగాబిట్లు కావాలి. గాలిలో పంపేది 100 నుంచి 200 మెగాబిట్లు. అంటే నూటికి తొంభైతొమ్మిది వంతులు పారేస్తున్నాం. చెట్ల ఆకులు, గడ్డి, వాన ముద్దగా కనబడేది అందుకే. పీసీని రౌటర్‌కు తీగతోనే కలపండి. పీసీ, హెడ్‌సెట్ రెండూ వైఫైలో ఉంటే అదే గాలిని రెండుసార్లు వాడినట్టు. రౌటర్ ఆడే గదిలోనే ఉండాలి, 5 గిగాహెర్ట్జ్, వీలైతే 6. బిట్‌రేట్ 100 మెగాబిట్ల దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. తడబాటు కనబడిన చోట ఒక మెట్టు దిగండి.

హెడ్‌సెట్ వద్దు, మూడు మానిటర్లు చాలనుకునే రేసింగ్ వాళ్లది తెలివైన దారే. అయితే ఆటలో ఫీల్డ్ ఆఫ్ వ్యూను (తెరలో కనబడే దృశ్యపు కోణాన్ని) కంటికి నచ్చినట్టు పెట్టేస్తారు. 27 అంగుళాల తెర వెడల్పు 60 సెం.మీ., కూర్చునే దూరం కూడా 60 అనుకుంటే ఒక్కో తెర కంటి ముందు 53 డిగ్రీలు. అక్కడ 90 పెడితే మలుపులు దూరంగా జరుగుతాయి, వేగం ఉన్నదానికన్నా ఎక్కువ అనిపిస్తుంది, బ్రేకు ఎక్కడ వెయ్యాలో చేతికి చిక్కదు. కొన్ని ఆటలు నిలువు కోణం అడుగుతాయి. ఇదే తెరకు అది 31 డిగ్రీలు. అంత ఇరుగ్గా ఉంటే ఎలా ఆడతామని మొదట అనిపిస్తుంది. తెరను దగ్గరికి జరుపుకోవడమే దానికి సరైన మందు.

ముందు రోజుల మాటకు వద్దాం. 100 డిగ్రీల చూపును 60 పీపీడీతో నింపాలంటే కంటికి 6000×6000, రెండు కళ్లకూ కలిపి 7.2 కోట్ల పిక్సెళ్లు. 90 హెర్ట్జ్‌లో అది 4కే తెర మీద 60 హెర్ట్జ్ ఆటకు 13 రెట్లు. ఏ జీపీయూ కూడా ఇప్పట్లో దీన్ని ముక్కుసూటిగా గీయలేదు, తీగ కూడా మోయలేదు: కుదించకపోతే 155 గిగాబిట్లు, తెరను కలిపే డిస్‌ప్లేపోర్ట్ 2.1 తీగ గరిష్ఠంగా ఇచ్చేది 80. కానీ కంటికి నిశితమైన చూపు ఉన్నది నడుమ రెండు డిగ్రీలే. చూపు చుట్టూ ఉదారంగా 20 డిగ్రీలు నిండు రిజల్యూషన్‌లో, మిగతాదంతా 15 పీపీడీలో గీస్తే, రెండు కళ్లకూ కలిపి 72 లక్షల పిక్సెళ్లు చాలు. ఒక్క 4కే ఫ్రేముకు 83 లక్షలు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన భాగం పలక కాదు, కంటిని గమనించే ఆ చిన్న పరారుణ కెమెరా.

2019లో వార్యో అనే కంపెనీ తన వీఆర్-1 హెడ్‌సెట్‌లో నడిమికి చిన్న చిక్కని పలక, చుట్టూ మామూలు పలక పెట్టి ముందే ఈ పని చేసింది. ఆ చిక్కని భాగం కదలదు, కళ్లు కదులుతాయి. 2023 నాటి ప్లేస్టేషన్ వీఆర్2లో చిక్కగా గీసే భాగం కంటి వెంటే వెళ్తుంది. 2025 నవంబరులో ప్రకటించిన వాల్వ్ స్టీమ్ ఫ్రేమ్ ఇదే ఉపాయాన్ని వైఫైకి వాడుతుంది: చూపు ఉన్న చోటికే ఎక్కువ బిట్లు పంపుతుంది. ఇందులోనూ తేడాలొస్తాయి. కళ్లద్దాల మీద మెరుపు, దట్టమైన మస్కారా, బరువైన రెప్పలు కెమెరాను తికమక పెడతాయి. చెమటకు హెడ్‌సెట్ రెండు మిల్లీమీటర్లు జారినా చూపు లెక్క తప్పుతుంది. చూసిన చోట మసకగా, పక్కన స్పష్టంగా ఉందంటే జీపీయూను తిట్టకండి, కంటి కెమెరా కాలిబ్రేషన్ (సరిచూసుకోవడం) మళ్లీ చేయండి.

ఇంకా తెగని ముడి ఫోకస్. ఆటలో వస్తువు 30 సెం.మీ. దగ్గరికి వచ్చినా లెన్స్ ఫోకస్ మాత్రం మీటరు దాటిన ఏదో ఒక చోట నిలిచిపోయి ఉంటుంది. కళ్లు లోపలికి తిరుగుతాయి, కంటి లెన్స్ మాత్రం దూరానికి సర్దుకోవాలి. మెనూలనూ మాటలనూ ఒకటి నుంచి మూడు మీటర్ల మధ్య ఉంచడం, అర మీటరు లోపల ఏదీ ఎక్కువసేపు నిలపకపోవడం, ప్రస్తుతానికి చేయగలిగింది అంతే. క్వెస్ట్ తయారుచేసే మెటా (అప్పట్లో ఫేస్‌బుక్) 2018లో చూపించిన హాఫ్ డోమ్ నమూనా తెరను ముందుకూ వెనక్కూ జరిపి దీన్ని సాధించింది, కానీ కదిలే భాగాలతో అమ్మకానికి రాలేదు.

పారదర్శకమైన కళ్లద్దాలే అసలు భవిష్యత్తు అనేవాళ్లున్నారు. 2024 సెప్టెంబరులో మెటా చూపిన ఒరాయన్ నమూనాలో చూపు 70 డిగ్రీలు, ఆ ఆకారానికి అది గొప్పే. కానీ అలాంటి అద్దం ఎదురుగా ఉన్న ప్రపంచానికి కాంతిని కలపగలదు, తీసేయలేదు. నలుపు గీయమంటే అక్కడ ఏమీ గీయదు, వెనకున్న గోడే కనబడుతుంది. నల్లపిల్లిని గీస్తే రెండు పచ్చ కళ్లు మాత్రం గాలిలో వేలాడతాయి. దారి చూపే బాణాలకు, స్కోరు బోర్డులకు, గదిలో గెంతే మెరుపు బొమ్మలకు ఈ అద్దాలు భేషుగ్గా ఉంటాయి. చీకటి కారిడార్‌లో నడిపించే ఆటలు మాత్రం కళ్లను పూర్తిగా మూసి, కెమెరాతో బయటి ప్రపంచాన్ని చూపించే హెడ్‌సెట్లలోనే ఉండిపోతాయి.